వ్యాపకానికి ఎంత మాట ఇవ్వాలి?

ఉద్యోగ బాధ్యతలు, సంసారం పెరిగాక బృందంతో కలిసి చేసే వ్యాపకాన్ని పూర్తిగా మానేయడమే మంచిదా అని మీరు అడిగారు. మానవద్దనే నా సలహా. అయితే ఒప్పుకున్న పనిని మాత్రం తగ్గించుకోవలసి ఉంటుంది.

నాది వెలుగు మారే నక్షత్రాలను గమనించే వ్యాపకం. ప్రకాశం ముందే తెలిసిన పక్క నక్షత్రాలతో పోల్చి, ఈ రాత్రి దాని వెలుగు ఎంత ఉందో అంచనా కట్టి రాసుకుంటాం. ఇలాంటి అంచనాలను 1911లో అమెరికాలో ఏర్పడిన ఏఏవీఎస్ఓ అనే సంస్థ ప్రపంచమంతటా ఉన్న ఔత్సాహికుల నుంచి నేటికీ సేకరిస్తోంది. పెళ్లికి ముందు నేను, నలుగురు మిత్రులు వంతులు వేసుకుని ఆల్గాల్ అనే తారను చూసేవాళ్లం. 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకు ఒకసారి దాని మసక జంట తార అడ్డు రావడంతో, సుమారు 10 గంటల వ్యవధిలో వెలుగు తగ్గి మళ్లీ పెరుగుతుంది. అది అర్ధరాత్రి జరిగినా, తెల్లవారుజామున జరిగినా దాని వేళకు మనమే లేవాలి.

పాప పుట్టాక కూడా నేను నా వంతు వదులుకోలేదు. పది నిమిషాల్లో వస్తానని చెప్పి డాబా ఎక్కేవాడిని. చీకటికి కళ్లు అలవాటు పడటానికే 20 నుంచి 30 నిమిషాలు పడుతుందని, మధ్యలో ఒక్కసారి ఫోను చూస్తే మళ్లీ మొదటికి వస్తుందని తెలిసీ ఆ మాట చెప్పేవాడిని. ఒక రాత్రి పాపకు జ్వరం వచ్చి నా భార్య మూడుసార్లు ఫోను చేసింది. వెలుతురు పడకూడదని నేను దాన్ని సైలెంట్‌లో పెట్టి బోర్లించి ఉంచాను. దిగి వచ్చేసరికి ఆమె పాపను భుజాన వేసుకుని, ఒంటిచేత్తో తడిగుడ్డ పిండుతోంది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ రాత్రి రాసుకున్న అంకెలను బృందానికి పంపడానికి నాకు మనసొప్పలేదు.

ఆ వారమే ఆల్గాల్‌ను మిత్రులకు అప్పగించి, నేను మీరా అనే తారను తీసుకున్నాను. దాని వెలుగు పెరిగి తగ్గడానికి సుమారు 332 రోజులు పడుతుంది కాబట్టి పది రోజులకొకసారి చూసినా సరిపోతుంది. ఒక రాత్రి తప్పితే మర్నాడు చూడవచ్చు. ఇంట్లో ఇప్పుడు గంట పడుతుందనే చెబుతాను. ఫోను మోగితే వెంటనే దిగి వస్తాను. నా భార్యకూ వారంలో అలాంటి ఒక సాయంత్రం ఉంది, ఆ పూట పాప బాధ్యత పూర్తిగా నాదే. నిజానికి ఈ ఏర్పాటు మొదటి రోజు నుంచే ఉండవలసింది.

మీ వ్యాపకంలోనూ ఇలా నిదానంగా సాగే పని ఏదో ఒకటి ఉంటుంది, వెతకండి. తీరిక ఉన్న నెలను కాదు, ఊపిరాడని నెలను చూసుకుని ఎంత చేయగలరో ఒప్పుకోండి. బృందానికి చెప్పడానికి సంకోచంగా ఉందన్నారు. నేను చెప్పినప్పుడు ఒక మిత్రుడు నొచ్చుకున్న మాట నిజమే. కానీ నా వంతు చెప్పాపెట్టకుండా ఖాళీగా మిగలడం కన్నా ముందే తెలియడం నయమని తర్వాత ఆయనే అన్నారు. ఏ నెల నుంచి తగ్గించుకుంటున్నారో కూడా స్పష్టంగా చెప్పండి, ఆ స్థానంలో వారు మరొకరిని చూసుకోగలుగుతారు.