నాన్నగారికి వెన్ను ఆపరేషన్ చేయాలంటున్నారు. కాళ్లు పడిపోయే ప్రమాదం ఉందా?

ఈ ప్రశ్న చదవగానే, ఆపరేషన్‌కి ముందు నన్ను పలకరించడానికి వచ్చినవాళ్లంతా గుర్తొచ్చారు. మా బాబాయి అయితే మంచం పక్కనే కూర్చుని, "నడుం కోయించుకున్నవాడు మళ్లీ తిన్నగా నడవడం నేను చూళ్లేదురా" అన్నాడు. ఎంతమందిని చూశావు బాబాయ్ అంటే, ఒక్కరినట. ఆ ఒక్కరూ బండి మీంచి పడి పూస విరిగిన మనిషి. నా జబ్బుకీ దానికీ సంబంధమే లేదు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నాది డిస్క్ జారిన కేసు. నడుములో అన్నిటికన్నా కింది డిస్క్. ఎడమ పిరుదు నుంచి పిక్క మీదుగా చిటికెన వేలి దాకా మంట, జిల్లుమనే నొప్పి. ఏడు వారాలు మందులతో, ఫిజియోథెరపీతో నెట్టుకొచ్చాను. చాలామందికి ఆ మాత్రం గడువులో దానంతటదే తగ్గుతుంది, నాకు తగ్గలేదు. ఒకరోజు ఎడమ కాలి మునివేళ్ల మీద లేవబోతే మడమ నేలను వదల్లేదు. ఇక ఆపరేషన్‌కి ఒప్పుకున్నాను.

కాళ్లు పడిపోతాయన్న భయం గురించి సర్జన్ చెప్పిన ఒక్క మాట నాకు బాగా పనికొచ్చింది. వెన్నుపాము నడుము కింది భాగం దాకా రాదు. మొదటి, రెండో నడుము పూసల దగ్గరే ఆగిపోతుంది. అక్కణ్నుంచి కిందికి నరాలు విడివిడిగా గుర్రం తోకలా వేలాడుతుంటాయి. కాబట్టి నడుము కింది భాగంలో ఆపరేషన్ చేస్తే రెండు కాళ్లూ చచ్చుబడటం చాలా అరుదు. ఒక నరం దెబ్బతిని పాదం పైకి లేవకపోవడమో, ఒకచోట తిమ్మిరి మిగిలిపోవడమో జరగొచ్చు. మెడలోనో వీపులోనో చేసే ఆపరేషన్‌కి మాత్రం లెక్క వేరు, అక్కడ వెన్నుపామే ఉంటుంది.

నాకు వచ్చిన ఇబ్బంది నన్ను భయపెట్టినవాళ్లలో ఒక్కరూ చెప్పనిది. మత్తు వదలగానే కాలి నొప్పి లేదు. మాయం. మర్నాడు పొద్దున ఫిజియో వచ్చి లేపి కూర్చోబెట్టాడు. రెండు నిమిషాల్లో తల వెనక సుత్తితో కొట్టినట్టు మొదలైంది, వాంతి వచ్చేలా ఉంది. పడుకోగానే పోయింది. మళ్లీ కూర్చుంటే మళ్లీ వచ్చింది. నర్సుకి చెబితే, "రాత్రి నిద్ర లేదు కదా సార్" అని ఒక మాత్ర ఇచ్చి వెళ్లిపోయింది. సాయంత్రం మా ఆవిడ దుప్పటి సర్దుతూ, "ఏవండీ, ఇది చెమటేనా?" అంది. నడుము కింద దుప్పటి తడిసిపోయి ఉంది. నీళ్లలాగే ఉంది, రక్తం కాదు.

సర్జన్ వచ్చాక తెలిసింది. నరాల చుట్టూ సంచిలాంటి పొర ఒకటి ఉంటుంది, డ్యూరా అంటారు. మెదడు చుట్టూ ఉండే నీరే దాని లోపలికీ వస్తుంది. డిస్క్ ముక్క ఆ పొరకి అతుక్కుపోయి ఉండటంతో తీసేటప్పుడు చిరుగు పడిందట. కుట్టారు కానీ కాస్త కారుతోంది. ఆ నీరు తగ్గితే కూర్చున్నప్పుడు మెదడుకి ఆసరా తగ్గి తలనొప్పి వస్తుంది. మళ్లీ రెండు కుట్లు వేసి, మూడు రోజులు దిండు కూడా లేకుండా వెల్లకిలా పడుకోబెట్టారు. తినడం, మూత్రం, అన్నీ అలాగే. నాలుగో రోజు లేచి కూర్చుంటే తల తేలిగ్గా ఉంది. అంతే, అయిపోయింది.

నా కోపమల్లా చిరుగు పడినందుకు కాదు. అది వెన్ను ఆపరేషన్లలో తరచుగా వినపడేదే. ఆపరేషన్ నోట్సులో రాసుకున్నారు, నాకూ నర్సుకీ చెప్పలేదు. ఒప్పుదల పత్రం కూడా ఆపరేషన్ ముందు రోజు రాత్రి పదింటికి తెచ్చి, "ఇక్కడ, ఇక్కడ సంతకం" అన్నారు. ఆ టైంలో ఎవరు చదువుతారు? మీరు ముందు రోజు పగలే అడిగి తీసుకుని, నాన్నగారికి అర్థమయ్యేలా చదివి వినిపించండి.

మిగతావి క్లుప్తంగా. ఇన్ఫెక్షన్ రావచ్చు, షుగర్ అదుపులో లేకపోతే ఇంకా ఎక్కువ. పిక్కల్లో రక్తం గడ్డకట్టొచ్చు, అందుకే త్వరగా నడిపిస్తారు. తీసిన చోటే డిస్క్ మళ్లీ జారొచ్చు. స్క్రూలు, రాడ్లు వేసి పూసల్ని కలిపే ఆపరేషన్ అయితే ఎముక అతుక్కోకపోవచ్చు. పొగ తాగేవాళ్లలో ఇది మరీ ఎక్కువ. కొన్నేళ్లకి పై పూస దగ్గర అరుగుదల మొదలవ్వొచ్చు. ఆపరేషన్ అయిన కొన్ని గంటల్లో కాలి బలం తగ్గుతుంటే, మూత్రం రాకపోతే, కూర్చునే భాగంలో స్పర్శ తెలియకపోతే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు, లోపల రక్తం చేరి నరాల్ని నొక్కుతూ ఉండొచ్చు. ఇవే లక్షణాలు ఆపరేషన్‌కి ముందే ఉంటే అసలు ప్రమాదం ఆలస్యంలోనే.

నన్నడిగితే అన్నిటికంటే పెద్ద రిస్కు అక్కర్లేని ఆపరేషన్. నొప్పే లేనివాళ్లలో కూడా చాలామందికి స్కాన్ తీస్తే డిస్క్ ఉబ్బి కనిపిస్తుంది. జారిన డిస్క్ తీసేది ముఖ్యంగా కాలి నొప్పికి, నడుము నొప్పికి కాదు. నాకూ కాలు బాగైంది, నడుము ఇప్పటికీ పట్టేస్తుంది. చిటికెన వేలికి స్పర్శ రాలేదు, చెప్పు జారిపోయినా రెండడుగులు వేశాక గానీ తెలియదు. నడుము నొప్పి పోతుందనుకుని చేయించుకుని ఉంటే ఈపాటికి సర్జన్ని తిట్టుకుంటూ ఉండేవాణ్ని.

మీరు అసలు సంగతి రాయలేదు. నాన్నగారికి నొప్పి నడుములోనా, కాల్లోనా? మడమల మీద నాలుగడుగులు వేయగలుగుతున్నారా?