ఊరి శాసనాన్ని వెతకబోయే ముందు

చి. శ్రావణికి పెద్దనాన్న ఆశీస్సులు.

బాపట్ల చుట్టుపక్కల రాళ్ల మీద చెక్కిన పాత శాసనాలు చూసి రావాలనుంది, ఫోనులో ఎలా వెతకాలి అని అడిగావు. నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. మొదటి మాట ఇది: మ్యాపు తర్వాత తెరువు, ముందు శాసన పాఠం, అంటే రాతి మీద చెక్కిన మాటలు, చదువు. అందులో ఏముందో తెలియకుండా వెళ్తే నీకు కనపడేది పసుపు రాసిన ఒక బండే.

పాఠాలు చాలామటుకు అచ్చయ్యే ఉన్నాయి. కోస్తా, రాయలసీమ శాసనాలకు కేంద్ర పురావస్తు శాఖవారి సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్ 10వ సంపుటం చూడు, అది తెలుగు శాసనాల సంపుటమే. 4, 5, 6 సంపుటాల్లోనూ బోలెడున్నాయి. నిజాం ఇలాకాలోవి కావాలంటే 1935లో లక్ష్మణరాయ పరిశోధక మండలి వేసిన 'తెలంగాణా శాసనములు' ఉంది, ఆ తర్వాత జిల్లాల వారీగా వచ్చిన సంపుటాలున్నాయి. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో వీటిలో చాలావాటి స్కాన్లు ఊరికే దొరుకుతాయి.

అయితే ఆ స్కాన్లలోని తెలుగు అక్షరాలను కంప్యూటరు సరిగ్గా పట్టుకోలేదు. ఒక్కో శాసనం నెత్తిన ఇంగ్లీషులో ఊరు, తాలూకా, జిల్లా, రాయి ఎక్కడ నిలబెట్టారో రెండు ముక్కలుంటాయి. వెతకాల్సింది వాటిని, అదీ తెల్లదొరల కాలపు స్పెల్లింగులో. Vijayawada అని కొడితే రాదు, Bezwada అని కొట్టాలి. జిల్లా కూడా అప్పటిదే వేసుకో. మీకు దగ్గర్లోని మోటుపల్లే చూడు: ఒకప్పుడు గుంటూరు జిల్లా, తర్వాత ప్రకాశం, 2022 నుంచి బాపట్ల జిల్లా.

నా మాట విని మోటుపల్లితోనే మొదలుపెట్టు. అక్కడి వీరభద్రాలయంలో కాకతీయ గణపతిదేవుడి అభయశాసనం ఉంది, శకం 1166 నాటిది. శక సంవత్సరానికి 78 కలిపితే ఇప్పుడు మనం వాడే క్రీస్తు శకం లెక్క వస్తుంది, అంటే 1244. తుఫానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా పాత రాజులు లాక్కునేవారట. మేము న్యాయమైన సుంకం తప్ప ఇంకేమీ పుచ్చుకోము అని ఈయన రాతి మీద మాటిచ్చాడు. గంధానికింత, కర్పూరానికింత, పన్నీరుకింత, ఏనుగు దంతానికింత అని సుంకాలు కూడా చెక్కించాడు. ఇంట్లోనే ఆ పట్టీ చదువుకుని వెళ్లి అక్కడి సముద్రం చూడమ్మా, ఆ రేవు నీకు కళ్లకు కడుతుంది.

ఏ చిన్న ఊరి రాయినీ తీసిపారెయ్యకు. నల్లగొండ జిల్లా చందుపట్లలో పువ్వుల ముమ్మడి అనే బంటు వేయించిన శాసనం శకం 1211 నాటిది. రుద్రమదేవి 1289లో చనిపోయిందని చరిత్రకారులు తేల్చుకుంది దాన్ని చూశాకే. అంతకు ముందు ఆమె 1295 దాకా ఏలిందనుకునేవారు.

ఇక మ్యాపు. గూగుల్ మ్యాపుల్లో గుర్తు చాలాసార్లు ఊరి నడిబొడ్డున పెట్టేస్తారు, రాయేమో చెరువు కట్ట మీద తూము పక్కనుంటుంది. ఇస్రో వారి భువన్‌లోనో గూగుల్ ఎర్త్‌లోనో ఉపగ్రహ చిత్రం తెరిచి చెరువు, గుడి, పాటిదిబ్బ (పాత ఊరు పాడుబడ్డ దిబ్బ) ఎటున్నాయో చూసి పెట్టుకో. ఊళ్లోకి వెళ్లాక ముందు పూజారిగారినో సర్పంచినో కలిసి, వచ్చిన పని చెప్పు. 'శాసనం' అంటే తెలియకపోతే, పైన సూర్యచంద్రులు, కింద అక్షరాలున్న రాయి అని అడుగు, పశువులు కాసే పిల్లలు కూడా చూపిస్తారు.

ఫొటో పొద్దున్నే గానీ సాయంత్రం గానీ తియ్యి. ఎండ ఏటవాలుగా పడితేనే అక్షరం లేస్తుంది, గుడి లోపలైతే టార్చిలైటు పక్క నుంచి వెయ్యి. సుద్దముక్కతో దిద్దడం, నూనె పూయడం, మేకుతో గీకడం మాత్రం వద్దు. అరిగిన అక్షరం మీద నువ్వు దిద్దితే, రేపు చదివేవాడు నీ అక్షరాన్నే శాసనం అనుకుంటాడు.

నిత్యం పూజ జరిగే గుడిలోని శాసనం ఫొటోను వికీమీడియా కామన్స్‌లో స్థలం గుర్తుతో సహా పెట్టు, పదిమందికీ పనికొస్తుంది. పొలాల్లో, గుట్టల మీద ఒంటరిగా ఉన్నవాటి ఆనవాలు మాత్రం వాట్సాప్‌లో తిప్పకు. గుప్తనిధుల పిచ్చిలో గునపాలు పట్టుకు తిరిగేవాళ్లకు నువ్వే దారి చూపినట్టవుతుంది. ఏ సంపుటంలోనూ లేని రాయి దొరికితే ఫొటో, కొలతలు, ఊరి వివరాలు రాష్ట్ర పురావస్తు శాఖకూ మైసూరులోని కేంద్ర శాసన విభాగానికీ పంపు. నాకూ ఒక ప్రతి పంపు, కూర్చుని ఇద్దరం చదువుదాం.

మీ పెద్దనాన్న