పాడేరు వెళ్తున్న మేనకోడలికి

విశాఖపట్నం

బుజ్జీ,

ట్రైనింగ్ అయిపోయిందని, నిన్ను ఇంటెలిజెన్స్‌లో వేశారని, అదీ పాడేరు వైపని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చెబుతూనే ఏడ్చింది. దాని గురించి బెంగపెట్టుకోకు, నేను పోలీసులో చేరినప్పుడు మా అమ్మా అంతే. "డ్రోన్లున్నాయి, కాల్ డేటా ఉంది, ఇంకా మనుషుల చుట్టూ తిరగడమెందుకు మావయ్యా" అని మెసేజ్ పెట్టావు. రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని ఇలా కూర్చుని రాస్తున్నాను.

రెండు సైన్యాలు ఎదురెదురుగా నిలబడితే అవతలివాడి ట్యాంకుల్ని పైనుంచి లెక్కపెట్టొచ్చు. ఇక్కడ అవతలివాడికి యూనిఫాం ఉండదు. పగలు పోడు చేసుకునేవాడే రాత్రి మావోయిస్టు దళానికి బియ్యం మోస్తాడు. ఇష్టపడి మోస్తున్నాడా, భయపడి మోస్తున్నాడా అన్నది ఏ కెమెరాకీ కనపడదు. 2021 ఆగస్టు 29న కాబూల్‌లో అమెరికావాళ్లు ఒక తెల్లకారుని గంటల తరబడి డ్రోన్‌తో వెంబడించారు. అందులోకి ఎక్కిస్తున్నవి పేలుడు పదార్థాలనుకున్నారు. తీరా చూస్తే నీళ్ల డబ్బాలు. పదిమంది మామూలు జనం పోయారు, అందులో ఏడుగురు పిల్లలు. ఆ కారెవరిదని వీధిలో ఒకణ్ణి అడిగుంటే తెలిసేది.

అలాగని మనిషి చెప్పిందల్లా నమ్మేయమనడం లేదు. అదే ఏడాది డిసెంబరు 4న నాగాలాండ్‌లోని ఓటింగ్ దగ్గర తీవ్రవాదులు వస్తున్నారన్న సమాచారంతో మన సైనికులే కాపు కాశారు. వచ్చింది బొగ్గు గనిలో పని ముగించుకుని ఇంటికెళ్తున్న కూలీల బండి. ఆరుగురు అక్కడే పోయారు, ఆ తర్వాత ఊరు తిరగబడింది, ఇంకొందరు పోయారు.

అందుకే, ఎవరు చెప్పారన్నదాని కన్నా అతనికెలా తెలిసిందన్నది గట్టిగా పట్టుకో. కళ్లతో చూశాడా, సంతలో విన్నాడా, బావమరిది చెప్పాడా? ముగ్గురొచ్చి ఒకే మాట చెప్పారని సంబరపడకు. ముగ్గురూ ఒకే టీ బడ్డీ దగ్గర విన్నారంటే నీకు అందింది ఒక్క మాటే. ఇంకోటి, గిట్టనివాణ్ణి నీచేత పట్టించాలని చూసేవాడు ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. వాళ్లిద్దరి మధ్యా కాఫీ తోట గట్టు తగాదా ఏమన్నా ఉందేమో ముందు కనుక్కో.

సంతకి వెళ్తే జీపు దిగి లాఠీ ఊపుతూ నిలబడకు. ఎండుచేపలు అమ్మే ఆవిడ పక్కన కూర్చో, అక్కడి గిరిజనుల భాష కువి నాలుగు ముక్కలు నేర్చుకుని మాట్లాడు. నలుగురున్న ఇంటికి ఎవరూ ఒకేసారి ఇరవై టార్చి బ్యాటరీలు, మలేరియా మాత్రల అట్టలు, నల్ల పాలిథిన్ పట్టా కొనరు. కొన్నవాణ్ణి అక్కడికక్కడే పట్టుకున్నావా, నీకు దొరికేది బ్యాటరీలే. అతను ఎవరి బెదిరింపు మీద కొంటున్నాడో ఎప్పటికీ తెలీదు.

చెప్పినవాడు బతికుండాలి, అన్నిటికన్నా ముందు అది. ఆ కొండల్లో ఇన్‌ఫార్మర్ అన్న ముద్ర పడి ప్రాణాలు పోగొట్టుకున్న గిరిజనులు చాలామంది. అందులో నిజంగా ఏమీ చెప్పనివాళ్లూ ఉన్నారు. ఈరోజు టిప్ అందిందని రేపే కూంబింగ్‌కి పంపిస్తే, నిన్న పాడేరు బస్సు ఎవరెక్కారో ఊరంతా లెక్క కట్టేస్తుంది. ఒక్కోసారి చేతికందే డంపుని, అంటే అడవిలో దాచిన ఆయుధాల నిల్వని కూడా వదులుకోవాలి. పై ఆఫీసరు కేకలేస్తారు. పడు.

జనం ఎందుకు చెబుతారు, ఎందుకు చెప్పరు అన్నదానికి నువ్వు వెళ్తున్న నేలే సాక్ష్యం. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్లు వరసగా మూడు రోజుల్లో అల్లూరి సీతారామరాజు చేతికి చిక్కాయి. సెప్టెంబరులో దామనపల్లి ఘాట్‌లో కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల ఆఫీసర్లు పోయారు. దొరలు ఏ దారిన నడుస్తున్నారో మన్యానికి తెలుసు, రాజు ఎక్కడ పడుకున్నాడో దొరలకి తెలీదు. మలబారు పోలీసుల్ని, అస్సాం రైఫిల్స్‌ని దింపినా 1924 మే దాకా పట్టింది. పోడు ఆపించి, గూడెం రోడ్డు పనిలో కూలి ఎగ్గొట్టిన సర్కారుకి ఎవడు నోరు విప్పుతాడు? కొట్టి చెప్పిద్దామని మీ స్టేషన్లో ఎవరైనా అంటే అల్జీరియా రాజధాని అల్జీర్స్ సంగతి చెప్పు. 1957లో ఫ్రెంచివాళ్లు చిత్రహింసలతో ఆ నగరాన్ని గుప్పిట్లో పెట్టుకున్నారు, 1962లో ఆ దేశాన్నే వదిలిపోయారు. అయినా అది నేరం, ఆ మాట వేరే చెప్పక్కర్లేదు.

సముద్రం వైపూ ఇదే తంతు. ముంబై మీదికి 2008లో పదిమంది బోటులో వచ్చారు. సముద్రం మీంచి దాడి జరగొచ్చన్న హెచ్చరికలు అంతకుముందే వచ్చాయి, కానీ ఆ ముక్కలన్నీ సమయానికి ఒక్క బల్ల మీదికి చేరలేదు. ఆ తర్వాతే ఇక్కడ తూర్పు నౌకాదళం దగ్గర జాయింట్ ఆపరేషన్స్ సెంటర్ వచ్చింది, తీర భద్రతకి 1093 నంబరొచ్చింది. మన ఫిషింగ్ హార్బర్‌లో బోటు నడిపే సరంగుకి అలవాటు లేని బోటు కనిపిస్తే ఇట్టే పోల్చుకుంటాడు. ఏప్రిల్ 15 నుంచి వేట నిషేధంలో రావాల్సిన భృతి గురించి అడిగినప్పుడు చెవిన పెట్టని ఆఫీసరుకి మాత్రం ఆ బోటు మాట చెప్పడు.

రిపోర్టు రాసేటప్పుడు చూసింది, విన్నది, నువ్వు ఊహించింది మూడూ విడివిడిగా రాయి. చదివేవాళ్లకి తొందరెక్కువ, కలిపి రాస్తే నీ ఊహే నిజమని పై వరకూ వెళ్లిపోతుంది.

అవతలివాళ్లకీ నీలాంటివాళ్లుంటారు. 2019 డిసెంబరులో ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్ పేరుతో మన రాష్ట్ర ఇంటెలిజెన్స్, పాకిస్తాన్‌కి రహస్యాలు చేరవేస్తున్నారని ఏడుగురు నావికుల్ని పట్టించింది. ఫేస్‌బుక్‌లో పరిచయమైన ఆడపేర్లతో మొదలైన కథ అది. యూనిఫాంలో దిగిన ఫోటో నీ ప్రొఫైల్‌లో ఇంకా ఉంది, నిన్న చూశాను. ఈ ఉత్తరం చదవగానే తీసెయ్. మీ అమ్మకి కూడా ఏ ఊళ్లో ఉన్నావో వాట్సాప్‌లో పెట్టకు, సెలవుకి వచ్చినప్పుడు నోటితో చెప్పు.

మీ మావయ్య