ఫోన్ మాట్లాడుతూ కాగితం నిండా గీతలు గీస్తాను... ఇది జబ్బా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 42. మాది నెల్లూరు జిల్లా కోవూరు దగ్గర పల్లె. ఒక సహకార సంఘం ఆఫీసులో లెక్కలు రాస్తాను. ఫోన్లో మాట్లాడేటప్పుడు, మీటింగుల్లో కూర్చున్నప్పుడు చేతిలో పెన్ను ఉంటే చాలు, నాకు తెలియకుండానే కాగితం అంచుల్లో మెలికలు, ఆకులు, గళ్లు గీసేస్తుంటాను. మొన్న మీటింగులో మా పై ఆఫీసరు చూసి, ‘వినడం ఇష్టం లేకపోతే బయటికి వెళ్లండి’ అన్నారు. పదో తరగతి చదివే మా అబ్బాయిదీ ఇదే అలవాటు. నోట్సు వెనక పేజీలన్నీ బొమ్మలే. టీచర్ డైరీలో కంప్లైంట్ రాసి పంపారు. గీతలు గీస్తే అప్పులవుతాయని మా అత్తగారు పోరు పెడుతున్నారు. ఈమధ్య నాకు టెన్షన్ ఎక్కువగా ఉంటోంది. రాత్రి పన్నెండు దాకా ఫోన్ చూస్తే గానీ నిద్ర పట్టడం లేదు. మాకేమైనా మానసిక సమస్య ఉందంటారా? ఈ అలవాటు మాన్పించే మందులు ఉన్నాయా?
– ఒక పాఠకురాలు

జవాబు: మందులు అక్కర్లేదమ్మా. అలవాటు మానుకోవాల్సిన పని కూడా లేదు. దీన్ని డూడ్లింగ్ అంటారు. ఇది జబ్బూ కాదు, జబ్బుకు లక్షణమూ కాదు. మీ ఉత్తరంలో నాకు ఆందోళన కలిగించింది ఒక్కటే, రాత్రి పన్నెండు దాకా ఫోన్. దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు మీ ఆఫీసరు అన్న మాట. చేత్తో గీస్తున్న మనిషి వినడం లేదని చాలామంది అనుకుంటారు. ఇంగ్లండ్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయంలో జాకీ ఆండ్రేడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇదే పరీక్షించి చూశారు. 40 మందికి రెండున్నర నిమిషాల ఫోన్ సందేశం ఒకటి వినిపించారు. ఒక పార్టీకి ఎవరు వస్తున్నారు, ఎవరు రావడం లేదు అంటూ కావాలనే చప్పగా సాగదీసిన సందేశం అది. సగం మందికి వింటూ కాగితం మీద ఉన్న బొమ్మల్లో గీతలు నింపమన్నారు. మిగతా వాళ్లు ఊరికే విన్నారు. తర్వాత చెప్పాపెట్టకుండా జ్ఞాపకశక్తి పరీక్ష పెడితే, గీతలు నింపినవాళ్లు 29 శాతం ఎక్కువ వివరాలు గుర్తుపెట్టుకున్నారు. 2009లో వెలువడిన పరిశోధన ఇది. చిన్నదే. పైగా అందులో వాళ్లు గీసింది మీలా ఇష్టం వచ్చిన బొమ్మలు కాదు, ఇచ్చిన చదరాలు, వృత్తాలు నింపారు అంతే. అయినా దాని నుంచి నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

విసుగు పుట్టించే మాటలు వింటున్నప్పుడు మనసు ఖాళీగా కూర్చోదు. పొలానికి నీళ్లు పెట్టారో లేదో, గ్యాస్ బుక్ చేశామో లేదో అంటూ ఎక్కడికో వెళ్లిపోతుంది. ఒకసారి అలా ఊహల్లో పడిందంటే ఎదుటివాళ్ల మాట చెవిన పడినా లోపలికి ఎక్కదు. పలుపుతాడుతో కట్టిన గిత్త ఆ నాలుగు గజాల్లో అటూ ఇటూ తిరుగుతుంది గానీ పక్క చేలో పడదు. గీతలు గీసే చెయ్యి మనసుకు అలాంటి తాడు. గీయడానికి పెద్దగా ఆలోచన అక్కర్లేదు కాబట్టి వినే శక్తి తగ్గదు, కానీ ఊహల్లోకి జారిపోకుండా ఆ కాస్త పని ఆపుతుంది. పరిశోధకులు చెప్పే కారణం ఇదే.

అందుకని మీటింగులో ధైర్యంగా గీసుకోండి. కాకపోతే నోట్‌బుక్ అంచులోనే చిన్నగా గీయండి. మధ్యమధ్య తలెత్తి మాట్లాడేవాళ్ల వైపు చూడండి. ముఖ్యమైన అంకెలు, తేదీలు ఆ గీతల పక్కనే రాసుకోండి. మీటింగ్ అయ్యాక ఆఫీసరు గారికి ఆ రాసుకున్నది చూపించి, ‘ఇలా అయితేనే నాకు బాగా వినపడుతుంది సార్’ అని మర్యాదగా చెప్పండి. ఒక్క సందర్భంలో మాత్రం పెన్ను పక్కన పెట్టాలి. మీ ఎదురుగా కూర్చుని ఎవరైనా తమ కష్టం చెప్పుకుంటున్నారనుకోండి, అప్పుడు మీ చూపు కాగితం మీద ఉండకూడదు. మీరు వింటూనే ఉండొచ్చు, వాళ్ల మనసు మాత్రం నొచ్చుకుంటుంది.

ఇక టెన్షన్. అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో గిరిజా కైమల్ బృందం 2016లో 39 మంది పెద్దవాళ్లతో 45 నిమిషాల పాటు రంగులు, మట్టి, కాగితాలతో తోచింది చేయించింది. ముందూ తర్వాతా లాలాజలంలో కార్టిసాల్ కొలిచింది. ఒత్తిడిలో ఒంట్లో పెరిగే హార్మోన్ అది. సుమారు నాలుగింట మూడు వంతుల మందిలో తగ్గింది. బొమ్మలు వేయడం ముందే వచ్చినవాళ్లకూ, అసలు రానివాళ్లకూ తేడా ఏమీ కనిపించలేదు. కార్టిసాల్ పొద్దెక్కే కొద్దీ దానంతట అదే తగ్గుతుంది కాబట్టి ఆ తగ్గుదలంతా బొమ్మల గొప్పే అనను. అదే బృందం మరుసటి ఏడాది 26 మందితో రంగులు నింపించి, డూడ్లింగ్ చేయించి, నచ్చిన బొమ్మ వేయించి చూసింది. మూడింటిలోనూ నుదుటి వెనక ఉండే మెదడు భాగానికి రక్తప్రసరణ పెరిగింది. ఏదైనా చేసి సంతోషం పొందినప్పుడు పనిచేసే భాగాల్లో అదొకటి.

మీ అత్తగారికి ఇవన్నీ చెప్పనక్కర్లేదు. పొద్దున్నే వాకిట్లో కళ్లాపి చల్లి, చుక్కలు పెట్టి, వాటి చుట్టూ మెలికల ముగ్గు తిప్పేటప్పుడు ఆమె మనసు ఎంత నిమ్మళంగా ఉంటుందో అడగండి. ఒంగోలులో నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో ‘ముగ్గేసేటప్పుడు మాత్రం ఏ ఆలోచనా రాదు’ అన్నవాళ్లు ఎందరో. ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో గడప ముందు స్టిక్కర్లు అంటించేసి ఆ కాసేపటిని కూడా పోగొట్టుకుంటున్నాం. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. అప్పులు గీతల వల్ల రావని, వాకిట్లో గీత ఎంత మంచిదో కాగితం మీద గీతా అంతే మంచిదని నేను చెప్పానని చెప్పండి.

అబ్బాయి విషయంలో కొంచెం జాగ్రత్తగా చూడాలి. టీచర్ నోటితో పాఠం చెబుతుంటే అంచులో గీసుకోవడం వల్ల నష్టం లేదు. బోర్డు మీద లెక్క చేస్తుంటేనో, బొమ్మ వేసి వివరిస్తుంటేనో కళ్లు అక్కడే ఉండాలి. అప్పుడు గీస్తే పాఠం పోతుంది. ఈ తేడా వాడికి విడమరిచి చెప్పండి. విడిగా ఒక రఫ్ నోట్‌బుక్ కొనివ్వండి. ఇంకో ఉపాయం, గీసే చేతికి పాఠాన్నే అప్పగించడం. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో ఒక విషయం చూపించారు. ఇచ్చిన పదాలను రాసుకున్నప్పటి కంటే వాటి బొమ్మ వేసుకున్నప్పుడు ఎక్కువ గుర్తున్నాయి. బొమ్మ బాగుండాల్సిన పని కూడా లేదు. కాబట్టి గుండె గదులు, కిడ్నీలో నెఫ్రాన్, కరెంటు సర్క్యూట్ పుస్తకం మూసి గీయమనండి. పరీక్షలకు అదే సగం చదువు.

అయితే వాడు చిన్నప్పటి నుంచీ ఇంట్లోనూ స్కూల్లోనూ ఏ పనీ పూర్తి చేయలేకపోతున్నా, వస్తువులు తరచూ పోగొట్టుకుంటున్నా, కుదురుగా కూర్చోలేకపోతున్నా అది ఏడీహెచ్‌డీ, అంటే ఏకాగ్రత, కుదురు లోపించే సమస్య కావచ్చు. అందులోనూ గీతల తప్పేమీ లేదు, డాక్టరుకు మాత్రం చూపించాలి. బొమ్మల్లో పదేపదే చావు, తనను తాను గాయపరచుకోవడం కనిపిస్తే తిట్టకుండా పక్కన కూర్చుని మాట్లాడండి, ఆలస్యం చేయకుండా తీసుకురండి. పెద్దవాళ్లయినా సరే, గీయకపోతే ఏదో కీడు జరుగుతుందన్న భయంతో గీస్తుంటే అది ఓసీడీ, అంటే వద్దనుకున్నా అవే ఆలోచనలు, అవే పనులు వెంటాడే జబ్బు లక్షణం కావచ్చు. చేతిరాత రానురాను చిన్నదైపోతున్నా, చెయ్యి వణుకుతున్నా నరాల డాక్టరును కలవాలి.

ఇప్పుడు రాత్రి సంగతి. పడుకునే ముందు గంటసేపు ఫోన్ వేరే గదిలో పెట్టండి. ఆ సమయంలో ఒక పది నిమిషాలు మామూలు పెన్ను, పాత డైరీ తీసుకుని గీయండి. చుక్కలతో మొదలుపెట్టినా సరే, ఒక గీతను ఎత్తకుండా తిప్పుతూ పోయినా సరే. దాన్ని ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టకండి. నలుగురూ చూస్తారన్న ఆలోచన వస్తే మళ్లీ టెన్షనే. బాగా రావాలన్న పట్టింపు అసలు వద్దు. రవీంద్రనాథ్ ఠాగూర్ తన రాతప్రతుల్లో కొట్టివేసిన మాటలను గీతలతో కలుపుతూ పోతే అవి వింత ఆకారాలయ్యాయి. అరవై దాటాక ఆయన చిత్రకారుడైంది ఆ దారిలోనే. 1930లో ఆ బొమ్మలను పారిస్‌లో ప్రదర్శించారు కూడా. మీవి ఎవరికీ చూపించక్కర్లేదు, నిద్ర పడితే చాలు.

సాయంత్రం తర్వాత టీ, కాఫీ మానేయండి. ఒకసారి బీపీ, థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి, మీ వయసులో అవసరం. నెల రోజులు ఇలా చేసినా నిద్ర కుదరకపోయినా, రెండు వారాలకు మించి దిగులు, ఏడుపు, ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం ఉన్నా గీతలతో సరిపెట్టుకోవద్దు. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. అక్కడికి రావడానికి మొహమాటంగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

– మానసిక వైద్య నిపుణుడు, ఒంగోలు