పార్టిషన్ దాటి వచ్చే మాటను లెక్కకట్టే ఉద్యోగాలు ఉంటాయా?

ప్రశ్న: మా అమ్మాయి కాకినాడలో బీటెక్ మెకానికల్ మూడో సంవత్సరం చదువుతోంది. వేసవిలో హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో ఇంటర్న్‌షిప్ చేసింది. పార్టిషన్ అవతలివాళ్లు మాట్లాడే ప్రతి మాటా వినిపించేదట. అప్పటి నుంచి అకౌస్టిక్స్ (ధ్వని శాస్త్రం) చదువుతానంటోంది. మాకు టెన్షన్‌గా ఉంది. దీన్ని నమ్ముకుంటే ఉద్యోగం దొరుకుతుందా?

జవాబు: మీ అమ్మాయికి తట్టింది మంచి ప్రశ్న అండీ. అందులో ఎంత ఇంజినీరింగ్ ఉందో ముందు చెప్తాను.

ధ్వని పార్టిషన్ పై అంచు దగ్గర వంగి అవతలికి దిగుతుంది. ఎంత తగ్గి దిగుతుందో అంచనా వేయడానికి జపాన్ శాస్త్రవేత్త మేకావా 1968లో ఇచ్చిన చార్టును ఇప్పటికీ వాడుతున్నారు. ఇద్దరు 3 మీటర్ల దూరంలో కూర్చున్నారనుకోండి. ఒకరి నోరు, మరొకరి చెవి నేల నుంచి 1.2 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. సరిగ్గా మధ్యలో 1.5 మీటర్ల పార్టిషన్. అంచు మీదుగా వెళ్లే దారి, నేరు దారి కంటే 6 సెంటీమీటర్లే ఎక్కువ. ఆ కాస్త తేడాకే మాటలోని మంద్రమైన 500 హెర్ట్జ్ ధ్వని సుమారు 8 డెసిబెల్స్ (ధ్వని తీవ్రతకు కొలమానం), కీచుగా ఉండే 4000 హెర్ట్జ్ ధ్వని సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతాయి.

కానీ పైన 2.7 మీటర్ల ఎత్తులో గట్టి సీలింగ్ ఉంటే? దానికి తగిలి వచ్చే మాట, అడ్డేమీ లేనప్పుడు నేరుగా వినిపించే దానికంటే 3 డెసిబెల్సే తక్కువ. పార్టిషన్ ఆపిన మాటను సీలింగ్ తెచ్చి అప్పజెబుతుందన్నమాట. ఇది తెలియక పార్టిషన్ల మీద డబ్బు పోస్తుంటారు, నాకు బాధనిపించేది అదే. ఓపెన్ ఆఫీసుల్లో మాట ఎంత దూరం వరకు పని చెడగొడుతుందో కొలిచేందుకు ఐఎస్‌ఓ 3382-3 అనే అంతర్జాతీయ ప్రమాణమే ఉంది.

ఉద్యోగాల సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. కేవలం ఆఫీసుల ధ్వని చూసే పోస్టులు మన దగ్గర తక్కువే. అకౌస్టిక్ కన్సల్టెన్సీలు, సీలింగ్ టైల్స్ తయారుచేసే కంపెనీలు తీసుకుంటాయి. అదే చదువుతో చెన్నై, పుణెల్లోని కార్ల కంపెనీల్లో శబ్దం, వైబ్రేషన్ విభాగాల్లోకీ వెళ్లొచ్చు. కాబట్టి మెకానికల్ వదలనక్కర్లేదు. గేట్ రాసి బెంగళూరు ఐఐఎస్‌సీ మెకానికల్ విభాగానికి ప్రయత్నించవచ్చు. విదేశాలైతే ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ యూనివర్సిటీ, డెన్మార్క్ టెక్నికల్ యూనివర్సిటీ చూడండి. గదుల ధ్వనిని లెక్కించే ఓడియాన్ సాఫ్ట్‌వేర్ పుట్టింది డెన్మార్క్‌లోనే.

ఫీజుల గురించి ఆలోచించే ముందు పైన చెప్పిన లెక్కను అమ్మాయిని పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాయమనండి. తర్వాత సీలింగ్‌కు ధ్వనిని పీల్చే టైల్స్ వేసి చూడమనండి. పార్టిషన్ పక్క అంచుల నుంచి వచ్చే ధ్వని మాటేమిటని తనే అడిగితే, గేట్ కోచింగ్‌కు నిశ్చింతగా పంపండి.