పాప చదువుతూనే ఉంది, పరీక్షలో మాత్రం గుర్తు రావట్లేదు

"మా పాప తొమ్మిదో తరగతి, ఇంగ్లీష్ మీడియం. తెల్లవారుజామున 4 గంటలకే లేపుతున్నాం, రాత్రి 11 దాకా పుస్తకం ముందే ఉంటది, అయినా ఎస్‌ఏ వన్ పరీక్షలో సైన్స్, మాథ్స్ మార్కులు పడిపోయినయ్. వచ్చే ఏడు టెన్త్. నేను ఏడు వరకే చదివిన, ఎట్ల సాయం చేయాల్నో తెలుస్తలేదు" అని నల్గొండ జిల్లా నుంచి ఒక అమ్మ అడిగారు.

అమ్మా, ముందు ఒక్క మాట, పాపని తిట్టకండి. రోజూ అంతసేపు కూర్చునే పిల్లకి ఇంకా కష్టపడమని చెప్పక్కర్లేదు. చదివే పద్ధతిలోనే తేడా ఉంది, తొమ్మిదిలోనే తెలిసింది కాబట్టి మార్చుకోడానికి టైం కూడా ఉంది.

నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది చేసేది ఏంటంటే ఒకే పేజీ నాలుగైదు సార్లు పైకి చదువుతారు, కింద గీతలు గీస్తారు, అయిదోసారికి అంతా వచ్చేసినట్టే అనిపిస్తుంది, ఎందుకంటే జవాబు కళ్ళ ముందే ఉంది కదా. హాల్లో పుస్తకం ఉండదు, బుర్రలోంచి బయటికి తీయాలి, ఆ పని ఇంట్లో ఒక్కసారి కూడా చేసి ఉండరు. రోడిగర్, కార్పికే అనే ఇద్దరు సైకాలజిస్టులు 2006లో కాలేజీ స్టూడెంట్స్‌తో ఇదే చూశారు. నాలుగు విడతలూ చదువుతూ కూర్చున్నవాళ్ళు 5 నిమిషాల తర్వాత పెట్టిన టెస్టులో ముందున్నారు, కానీ వారం తర్వాత వాళ్ళకి 40 శాతమే గుర్తుంది, ఒక విడత చదివి మిగతా మూడు విడతలు చూడకుండా రాసినవాళ్ళకి 61 శాతం గుర్తుంది.

కాబట్టి పాపతో ఇలా చేయించండి. సైన్స్‌లో ప్లాంట్ టిష్యూస్ (మొక్కల కణజాలాలు) లెసన్ అనుకోండి, ఒక టాపిక్ చదివాక పుస్తకం మూసేసి తెల్లకాగితం మీద గుర్తున్నదంతా రాయాలి. మొదటిరోజు "జైలమ్ – నీళ్ళు, ఫ్లోయమ్ – ఆహారం" దగ్గరే పెన్ను ఆగిపోతుంది, జైలమ్‌లో ఉండే ట్రాకీడ్స్, వెస్సెల్స్ ఏవీ గుర్తు రావు, ఏడుపు కూడా రావచ్చు. పర్లేదు, అప్పుడు పుస్తకం తెరిచి వదిలేసినవి ఎర్ర పెన్నుతో అదే కాగితం మీద రాసుకోవాలి. మర్నాడు ఒకసారి, మూడు రోజులాగి ఒకసారి, ఆదివారం ఒకసారి మళ్ళీ కొత్త కాగితం. ఎర్ర రంగు తగ్గుతూ రావడం పాపకే కనిపిస్తుంది, ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక మీరు చేసేది, ఏడు వరకే చదివానని వెనక్కి తగ్గకండి అమ్మా, మీరే బెస్ట్ టీచర్ ఇక్కడ. వంట చేస్తూ అప్పజెప్పించుకోండి, కానీ పుస్తకంలో ముక్క పోకుండా ఇంగ్లీషులో కాదు, తెలుగులో మీకు అర్థమయ్యేలా చెప్పమనండి. "పత్తి చెట్టు వేరు పీల్చిన నీళ్ళు పైన ఆకు దాకా ఎట్ల పోతయ్ బిడ్డా?" అని అడగండి. మీకు అర్థమైతే పాపకి అర్థమైనట్టే, తడబడిందంటే బట్టీ పట్టిందన్నమాట, అక్కడే మళ్ళీ చదవాలి. ఇంగ్లీష్ మీడియం పిల్లల్లో ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది, అర్థం తెలియని వాక్యం నోటికి వచ్చేస్తుంది, ప్రశ్న కొంచెం తిప్పి అడిగితే అయిపోయింది.

మాథ్స్‌కి గైడ్ చూసి లెక్కలు ఎక్కించుకోవడం ఆపేయాలి. కనీసం పది నిమిషాలు సొంతంగా కొట్టుకుని, రాకపోతే ఒక్క స్టెప్ చూసి మళ్ళీ మూసేయాలి. రోజూ పాత చాప్టర్లలోంచి రెండు లెక్కలు కలపండి.

నిద్ర గురించి కోప్పడకుండా వినండి. 11కి పడుకుని 4కి లేస్తే అయిదు గంటలే, 13 నుంచి 18 ఏళ్ళ పిల్లలకి 8 నుంచి 10 గంటలు కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ చెప్తుంది. చదివింది బుర్రలో కుదురుకునేది కూడా నిద్రలోనే. తెల్లవారుజాము చదువు మంచిదే, నేను కాదనను, కానీ అది రాత్రి తొందరగా పడుకున్నవాళ్ళకి. 9కి పడుకోబెట్టి 5కి లేపండి. మొత్తం గంటలు తగ్గుతాయని భయపడకండి, చూడకుండా రాసే ఒక గంట ఇప్పటి మూడు గంటల కంటే నయం. ఫోన్‌లో హోంవర్క్ చూసుకుని నోట్ చేసుకున్నాక ఫోన్ మీ దగ్గరే ఉండాలి.

రెండు వారాలు చేయించాక ఆ ఎర్ర పెన్ను కాగితాలు ఫోటో తీసి నాకు పంపండి, పాప ఎక్కడ ఆగిపోతుందో చూసి తర్వాత ఏం చేయాలో చెప్తాను.