తూటా ఎక్కకపోతే ముందు మ్యాగజైన్ చూడండి

ప్రశ్న: లైసెన్సు మీద .32 పిస్టల్ ఉంది. రేంజికి పోయినప్పుడు మొదటి నాలుగైదు రౌండ్లు బాగానే పోతాయి. చివరి రెండు మూడింటి దగ్గర తూటా ముక్కు కిందికి వాలి ఆగిపోతుంది, స్లైడ్ (పిస్టల్ పైన ముందూ వెనకా కదిలే భాగం) మూసుకోదు. మ్యాగజైన్లు (తూటాలు నింపే పెట్టెలు) రెండున్నాయి. పిస్టల్ మార్చాలంటారా?
– రైస్ మిల్లు యజమాని, మిర్యాలగూడ

జవాబు: అప్పుడే పిస్టల్ దాకా పోవద్దు. ఆగేది రెండు మ్యాగజైన్లతోనా, ఒకదానితోనేనా అన్నది మీరు రాయలేదు. సగం జవాబు అక్కడే ఉంది. మ్యాగజైన్ల అడుగు పలకల మీద మార్కర్‌తో 1, 2 అని వేసుకోండి. ఈసారి ఏ నంబరుతో ఆగింది, ఎన్నో రౌండు దగ్గర ఆగింది, తూటాలు ఏ డబ్బాలోవి అన్నది చీటీ మీద రాయండి. ఒకే నంబరు మళ్లీ మళ్లీ వస్తుంటే దొంగ దొరికినట్టే.

మీరు చెప్పిన లక్షణం మాత్రం మ్యాగజైన్ స్ప్రింగు వైపే చూపిస్తోంది. నిండా తూటాలున్నప్పుడు స్ప్రింగు బాగా నొక్కుకుని ఉంటుంది, గట్టిగా తోస్తుంది. చివరికొచ్చేసరికి సాగిపోయి బలం తగ్గుతుంది. అప్పటికే అలసిన స్ప్రింగయితే, స్లైడ్ తిరిగొచ్చే లోపు తూటాను పైకి లేపలేదు. తూటా ముక్కు ర్యాంపు (తూటాను చాంబర్‌లోకి ఎక్కించే వాలు) అడుగుకు గుద్దుకుంటుంది. చాంబర్ అంటే పేలేముందు తూటా కూర్చునే అర.

మిల్లులో ఇంకో శత్రువుంది, తవుడు దుమ్ము. మ్యాగజైన్ లోపల నూనె వేసే అలవాటుంటే ఆ దుమ్ము నూనెలో కలిసి లేహ్యంలా పేరుకుంటుంది, తూటాలను పైకి నెట్టే పలక గోడలకు అతుక్కుంటుంది. మ్యాగజైన్ లోపల నూనె అక్కర్లేదు. పైగా ఆ నూనె తూటా అడుగున ఉండే ప్రైమర్‌లోకి (మందును అంటించే చిన్న మూతలోకి) దిగితే అసలు పేలకుండా పోవచ్చు.

విప్పేముందు పిస్టల్ ఖాళీ చేయండి. మొదట మ్యాగజైన్ తీయాలి, ఆ తర్వాతే స్లైడ్ లాగాలి. వరుస తలకిందులైతే, చాంబర్‌లోని తూటా బయట పడగానే మ్యాగజైన్‌లోంచి ఇంకోటి లోపలికి పోతుంది. చాంబర్‌ను కళ్లతో చూసి, చిటికెన వేలితో తడిమి రూఢి చేసుకోండి. తూటాలన్నీ వేరే గదిలో పెట్టి రండి. మ్యాగజైన్ అడుగు పలక జరిపేటప్పుడు బొటనవేలు అడ్డం పెట్టండి, లేకుంటే స్ప్రింగు ఎగిరి మంచం కిందికి పోతుంది. పొడి గుడ్డతో లోపల తుడిచి, మళ్లీ బిగించి, తూటాలను నెట్టే పలకను పెన్సిలుతో కిందికి నొక్కి వదలండి. ఎక్కడ నొక్కి వదిలినా తడబడకుండా పైకి రావాలి. రెండు స్ప్రింగులూ పక్కపక్కన నిలబెట్టి చూడండి. ఒకటి పొట్టిగా కనిపిస్తే దాన్ని సాగదీసి వాడొద్దు, కొత్తది వేయించండి. మ్యాగజైన్ పైన తూటాను పట్టి ఉంచే రెండు పెదవులను కూడా పోల్చండి. ఒక్కసారి సిమెంటు నేల మీద పడినా అవి వంగుతాయి. పెదవులు విచ్చుకుంటే తూటా ముందుగానే జారి, ముక్కు పైకెత్తి ఇరుక్కుంటుంది. మీది ముక్కు వాలే కేసు కాబట్టి ఆ అనుమానం తక్కువ.

ప్రశ్న: .32 అని అడిగి తెచ్చాను. తూటాలు పొడుగ్గా ఉన్నాయి, మ్యాగజైన్‌లో దిగడం లేదు.
– నల్లగొండ

జవాబు: అవి .32 రివాల్వర్ తూటాలు. వాటి ఇత్తడి గొట్టం పొడవు దాదాపు 23 మిల్లీమీటర్లు, పిస్టల్‌వి 17. రెంటినీ .32 అనే అంటారు, అదే తంటా. బలవంతంగా దించకుండా డీలర్‌కే తిరిగిచ్చి, లైసెన్సులో రాసిన లెక్క సరిచేయించుకోండి.

ప్రశ్న: ఫౌజులో 9 ఎం.ఎం. పిస్టల్ వాడినవాణ్ణి. ఇప్పుడు .32 తీసుకున్నాను. ఒక్కోసారి మ్యాగజైన్‌లో రెండు తూటాలు ఒకదాన్నొకటి కరుచుకున్నట్టు ఆగుతాయి. పైదాన్ని వేలితో నెట్టినా ముందుకు కదలదు.
– మాజీ సైనికుడు, వనపర్తి

జవాబు: 9 ఎం.ఎం.లో మీరిది చూసి ఉండరు. ఆ తూటా అడుగు అంచు దాని గొట్టం కంటే బయటికి రాదు. .32 పిస్టల్ తూటాకు మాత్రం అంచు కొద్దిగా బయటికి ఉంటుంది. పై తూటా అంచు ఎప్పుడూ కింది తూటా అంచుకు ముందుండాలి. వెనక్కి జారిందంటే కొక్కెం పడ్డట్టే. ఇక స్లైడ్ ఎన్నిసార్లు లాగినా, మ్యాగజైన్‌ను అరచేత్తో ఎంత చరిచినా లాభం లేదు. మ్యాగజైన్ బయటికి తీసి, రెండో తూటాను చెక్క పుల్లతో కిందికి అదిమితే పైది విడుస్తుంది. స్క్రూడ్రైవర్ పెట్టి పెళ్లగించొద్దు.

మొన తొలిచిన తూటాలు వాడుతున్నారేమో చూడండి. అవి పొట్టిగా ఉంటాయి, మ్యాగజైన్‌లో ముందూ వెనకా ఆడే జాగా మిగులుతుంది, అంచులు జారేది అప్పుడే. గుండ్రటి మొనవి, నిండు పొడవువి వాడండి.

ప్రశ్న: అదే పిస్టల్, అవే తూటాలు. మా అన్న కాలిస్తే ఆగదు, నేను కాలిస్తే ఆగుతుంది.
– మహబూబ్‌నగర్

జవాబు: మణికట్టు. పట్టు వదులైతే స్లైడ్‌తో పాటు పిస్టల్ మొత్తం వెనక్కి పోతుంది, స్లైడ్ తన దూరం పూర్తిగా నడవదు. రెండు చేతులతో, మణికట్టు బిగించి కాల్చండి.

ప్రశ్న: ర్యాంపు గరుకుగా ఉంది. మా ఊరి లేతు మెషీన్ మీద నున్నగా చేయించి, చెలకలో రెండు రౌండ్లు కాల్చి చూడొచ్చా?
– రైతు, కల్వకుర్తి

జవాబు: రెండూ వద్దు. ముందు టార్చి వేసి చూడండి. గరుకు అనుకున్నది చాలాసార్లు గట్టిపడిన మసే. నైలాన్ బ్రష్షు, క్లీనింగ్ ద్రవంతో వదులుతుంది. నిజంగానే గీతలుంటే లైసెన్సున్న తుపాకీ మరమ్మతుదారు దగ్గరికే పోవాలి. లైసెన్సు లేనివాడు తుపాకీ బాగుచేయడం ఆయుధాల చట్టం కింద నేరం. ర్యాంపు ఒక్క గీటు ఎక్కువ అరిగినా తూటా అడుగు భాగానికి ఆసరా పోతుంది, తూటా గొట్టం చేతిలోనే పగలొచ్చు. చెలకలో అజాగ్రత్తగా కాల్చి ఎవరి ప్రాణానికైనా ముప్పు తెస్తే, 2019 సవరణ ప్రకారం రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. తూటా ఎక్కుతోందో లేదో చూడటానికి డమ్మీ రౌండ్లు (మందు లేని ఉత్తుత్తి తూటాలు) చాలు, కాల్చి చూడటం రేంజిలోనే. అక్కడ ట్రిగ్గర్ లాగినా పేలకపోతే మొనను గురివైపే పెట్టి 30 సెకన్లు ఆగండి. మందు ఆలస్యంగా అంటుకునే తూటాలూ ఉంటాయి.